రిసార్టు గదికి ఉన్న రెండో ధర ఏమైంది? హోటల్ పాయింట్ల పథకాల పెద్దలకు బహిరంగ లేఖ

మారియట్ బాన్‌వాయ్, హిల్టన్ ఆనర్స్, వరల్డ్ ఆఫ్ హయత్ పథకాలను నడిపిస్తున్న పెద్దలకు,

నమస్కారం. మీ మూడు పథకాల్లోనూ నేను సభ్యురాలిని. మీ లెక్కలో చాలా చిన్న సభ్యురాలిని. టెక్సస్‌లో ఉద్యోగం, ఇంటి ఖర్చంతా క్రెడిట్ కార్డు మీద, ఆ కార్డు తెచ్చిపెట్టే పాయింట్లతో ఎప్పుడో ఒకసారి మంచి సెలవు. ఇక్కడికి రాకముందు హైదరాబాద్‌లో ఒక స్టార్ హోటల్ అకౌంట్స్ విభాగంలో పనిచేశాను. కాబట్టి కౌంటరుకు అటువైపు జరిగేది కూడా కొంత తెలుసు.

మా ఊళ్లో తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో స్కూళ్లు, వీసాలు, ఇళ్ల ధరల తర్వాత ఎక్కువగా నలిగే విషయం మీ పాయింట్లే. ఏ కార్డుకు ఎన్ని వస్తాయి, ఏ బ్యాంకు నుంచి ఏ హోటల్‌కు మార్చుకోవచ్చు, ఇండియా వెళ్లేటప్పుడు మాల్దీవుల్లో నాలుగు రోజులు ఆగితే ఎంతవుతుంది, ఇవే లెక్కలు. మీరు ఒక నిబంధన మార్చారంటే ఆ సాయంత్రానికల్లా ఇక్కడ పంచాయితీ మొదలవుతుంది. అందరూ తమ పాయింట్లు కరిగిపోయాయని బాధపడతారు. నాకు అంతకన్నా పెద్ద నష్టం ఒకటి కనిపిస్తోంది. పాయింట్ల జోలికే పోకుండా, డబ్బు చెల్లించి గది తీసుకునే మనిషి కూడా దాన్ని మోస్తున్నాడు. ఆ సంగతి చెప్పడానికే ఈ లేఖ.

స్టార్‌వుడ్ అనే హోటళ్ల సంస్థను మారియట్ 2016లో కొన్నది. 2018 ఆగస్టులో రెండు సంస్థల పథకాలనూ ఒకే పట్టిక కిందికి తెచ్చారు. హోటళ్లను తరగతులుగా విడదీసి, ఏ తరగతి గదికి రాత్రికి ఎన్ని పాయింట్లో చెప్పే పట్టిక అది. బాన్‌వాయ్ అన్న పేరు మరుసటి ఫిబ్రవరిలో వచ్చింది. ఎనిమిదో తరగతి ఇంకా అమల్లోకి రాలేదు కనుక ఏడోదే పై తరగతి, రాత్రికి 60,000 పాయింట్లు. ఆ కొద్ది నెలలు మాల్దీవుల్లో ధాలు అటోల్‌లోని సెయింట్ రీజిస్ రిసార్టులో విల్లా కూడా అదే ధరకు దొరికింది. పాయింట్లతో నాలుగు రాత్రులు తీసుకుంటే ఐదోది ఉచితం కాబట్టి ఐదు రాత్రులకు 2,40,000. 2019 మార్చిలో అదే విల్లా ఎనిమిదో తరగతికి ఎక్కి 85,000 అయింది. ఐదు రాత్రులకు 3,40,000. ఆ సెప్టెంబరులో రద్దీ రోజులు, రద్దీ లేని రోజులు అని విడదీసి, ఒకదానికి లక్ష, రెండోదానికి 70,000 పెట్టారు. 2022 మార్చిలో పట్టికనే ఎత్తేశారు. ఆ ఏడాదంతా ఎక్కువ హోటళ్లను పాత హద్దుల్లోనే ఉంచారు, 2023లో ఆ హద్దులు కూడా పోయాయి.

హిల్టన్ ఈ పని 2017లోనే చేసింది. పట్టిక లేకపోయినా చాలాకాలం మామూలు గదికి 95,000 దాటకూడదన్న ఒక అప్రకటిత మర్యాద నడిచింది. మాల్దీవుల్లోనే రంగాలి దీవిలో ఉన్న వారి కాన్రాడ్ రిసార్టు కూడా అంతకే వచ్చేది. 2019లో ఇతాఫుషి దీవిలో వాల్డార్ఫ్ ఆస్టోరియా అనే ఇంకో రిసార్టు తెరిచినప్పుడు 1,20,000 అన్నారు. తర్వాత 1,50,000 అన్నారు. అక్కడా ఆగలేదు. హయత్ వారు మాత్రం 2022లో రద్దీ, రద్దీ లేని ధరలు తెచ్చినా పట్టికను బహిరంగంగానే ఉంచారు. ఎనిమిదో తరగతి 35,000 నుంచి 45,000 మధ్య ఉంటుందని అప్పట్లో ముందే చెప్పారు. వారి మీద నాకు వేరే ఫిర్యాదులున్నాయి గానీ ఈ విషయంలో దండం పెడతాను.

ఇప్పుడు అసలు మాట. ఆ పట్టిక ఉన్నన్నాళ్లూ ఒక్కో గదికి రెండు ధరలుండేవి. ఒకటి డాలర్లలో, రిసార్టు తన ఇష్టం వచ్చినట్టు మార్చుకునేది. రెండోది పాయింట్లలో, మీరు కట్టిపడేసినది. పాయింటుకు విలువ ఎక్కడిదని మీరు అడగలేరు, ఎందుకంటే దాన్ని మీరే అమ్ముతున్నారు. మారియట్ వెయ్యి పాయింట్లు 12.50 డాలర్లకు ఇస్తుంది. హిల్టన్ 10 డాలర్లకు ఇస్తుంది, తరచుగా కొన్నన్ని పాయింట్లు అదనంగా కలుపుతుంది కూడా, అంటే ఒక్కోటి అర సెంటు. ఆ లెక్కన 1,20,000 హిల్టన్ పాయింట్లు 600 డాలర్లకు వచ్చేవి. 85,000 మారియట్ పాయింట్లు పూర్తి ధరకు కొన్నా 1,062 డాలర్లు. అదే గది డిసెంబరు చివర్లో రెండు వేల డాలర్లు దాటి పలుకుతున్నప్పుడు, మీ సొంత దుకాణంలోనే దానికి పోటీగా సగం ధర పలికేది.

ఆ పోటీ ధర అందరికీ దొరికేదా? లేదు. పాయింట్లకు పెట్టే గదులు కొద్దిగానే ఉండేవి. అయినా అది నలుగురికీ కనిపించేది. నాలాంటి లెక్కల మనిషి దాన్ని పక్కన పెట్టుకుని చూసి, రెండు వేలకు ఈ గది తగదని తేల్చుకునేది. రిసార్టు మేనేజరుకు కూడా అది తెలుసు. బోర్డు మీద ధర ఎంత పైకి లేపితే అంతమంది పాయింట్ల వైపు తిరుగుతారు, వాళ్ల వల్ల వచ్చేది అంతంతమాత్రం. కాబట్టి ధర లేపే ముందు ఒక్క క్షణం ఆగేవాడు. ఇప్పుడు మారియట్, హిల్టన్‌లలో పాయింట్ల ధర డాలర్ల ధరను నీడలా పట్టుకుని నడుస్తోంది. డాలర్లు పెరిగితే పాయింట్లూ పెరుగుతాయి. ఆగాల్సిన అవసరం పోయింది. పైగా బోర్డు మీద అంకె పెద్దదైన కొద్దీ మీకు ఇంకో లాభం. 'రెండు వేల డాలర్ల విల్లా ఉచితం' అని కార్డు ప్రకటనలో రాసుకోవచ్చు. ఆ రెండు వేలు నిజంగా ఎవరైనా చెల్లించారా అన్నది ఆ ప్రకటన చూసేవాడికి అక్కర్లేదు. గది ధర ఇలా గదిని అమ్మడానికి కాక, పాయింట్లను అమ్మడానికి వాడే అంకె అయిపోయింది.

ధరలు పెరగడానికి మీరొక్కరే కారణమని నేననడం లేదు. కరోనా తర్వాత జనం సెలవుల మీద పడ్డారు. మాల్దీవుల ప్రభుత్వం పర్యాటక జీఎస్టీని 2023 జనవరిలో 12 నుంచి 16 శాతానికి, 2025 జులైలో 17 శాతానికి పెంచింది. రిసార్టుల్లో మనిషికి రాత్రికి 6 డాలర్లున్న గ్రీన్ ట్యాక్స్ 2025 జనవరి నుంచి 12 అయింది. ఇవన్నీ ధరలో కలుస్తాయి. కానీ పన్ను పెరిగితే ఎంత పెరిగిందో గెజిట్‌లో రాసి ఉంటుంది. హయత్‌ను పక్కన పెడితే, మీరు పెంచినప్పుడు ఎక్కడా రాయరు. ఒక ఉదయం లాగిన్ అయితే అంకె మారి ఉంటుంది, అంతే.

మీ వైపు వాదన కూడా నాకు తెలుసు. గది మీది కాదు. దీవిని లీజుకు తీసుకుని, విల్లాలు కట్టి, అప్పు తీర్చుకుంటున్న యజమాని వేరే ఉంటాడు. మీరు పేరు, నిర్వహణ ఇస్తారు. పాయింట్ల మీద వచ్చిన అతిథికి మీ పథకం నుంచి యజమానికి ఎంతో కొంత జమ అవుతుంది. హోటల్ ఖాళీగా ఉన్న రోజుల్లో ఆ జమ కొద్దిగానే ఉంటుంది, గదులు దాదాపు నిండిన రోజున సగటు ధరకు దగ్గరగా వస్తుంది. ఎంత శాతం నిండాలన్నది ఒప్పందాన్ని బట్టి ఉంటుంది.

దీని ప్రభావం నేను కళ్లారా చూశాను. హైదరాబాద్‌లో నేను పనిచేసిన హోటల్‌లో, ఆ రోజు లెక్కలు ముగించే రాత్రి ఆడిట్‌కు ముందు ఒక తంతు నడిచేది. ఆ రోజు పాయింట్ల అతిథులు ఎక్కువగా ఉండి, నిండిన గదులు ఆ హద్దుకు కాస్త ఇవతల ఆగిపోయాయనుకోండి, ఫ్రంట్ ఆఫీస్ నుంచి ఫోను వచ్చేది. పై అంతస్తులో రెండు గదులు 'ఏసీ మరమ్మతు' కింద రాయమనేవారు. అమ్మకానికి ఉన్న గదుల సంఖ్య తగ్గితే నిండిన శాతం దానంతటదే పెరుగుతుంది, హద్దు దాటుతుంది, ఆ రాత్రి పాయింట్ల గదులన్నిటికీ ఎక్కువ జమ పడుతుంది. మర్నాడు పొద్దున ఆ ఏసీలు వాటంతటవే బాగయ్యేవి. ఇంజినీరింగ్ విభాగంలోని పెద్దాయన ఒకరు ఆ రిజిస్టరులో సంతకం పెట్టేటప్పుడు నవ్వు ఆపుకోలేకపోయేవారు. అది నగరంలోని మామూలు హోటల్. రాత్రికి రెండు వేల డాలర్ల దీవిలో ఆ ఆశ ఎంత పెద్దదో మీరే ఊహించుకోండి. సగటు ధర ఎంత ఎత్తున ఉంటే హద్దు దాటిన రాత్రి జమ అంత ఎక్కువ. ధర దించకుండా ఉండటానికి యజమానికి ఇది ఇంకో కారణం.

హద్దు దాటని రోజుల్లో ఆయన వేరే దారి వెతుక్కుంటాడు. పాయింట్లకు ఇవ్వాల్సింది 'స్టాండర్డ్' గది అని మీరన్నారు కదా, స్టాండర్డ్ గదులనే తగ్గించేస్తాడు. ఈమధ్య ఒక దీవి రిసార్టు కోసం వెతుకుతుంటే (పేరు ఎందుకులెండి) రెండు విల్లాల వివరాలు పక్కపక్కన తెరిచి చూశాను. ఒకే విస్తీర్ణం, ఒకే మంచం, అదే స్నానాల గది, ఫొటోలు కూడా అవే. ఒకటి దీవికి తూర్పున, ఇంకోటి పడమరన. తూర్పుది స్టాండర్డ్, కానీ స్కూలు సెలవులు మొత్తం ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. పడమరది ప్రీమియం, ఎన్ని రోజులైనా ఉంది, పాయింట్లు మాత్రం నాలుగింతలు. సూర్యుడు అస్తమించే దిక్కుకు ఇంత గిరాకీ ఉందని మన వాస్తు సిద్ధాంతులకు కూడా తెలిసి ఉండదు.

ఇంకో విచిత్రం. చాలా చోట్ల విల్లాకు ముగ్గురు పెద్దవాళ్లకు మించి ఒప్పుకోరు. మా ఇంట్లో సెలవంటే అత్తగారు, మామగారు లేకుండా ఉండదు. రెండు విల్లాలు కావాలి. అవి పక్కపక్కన ఇస్తారన్న హామీ కూడా లేదు. ఇది మీ తప్పు కాదు, మా ఇంటి పద్ధతి. కానీ మీ ఉచితం అనే మాట నలుగురు మనుషుల కుటుంబానికి ఎలా విచ్చుకుంటుందో చెబుతాను. దూరపు దీవులకు తీసుకెళ్లే సముద్ర విమానాలు పగలే ఎగురుతాయి. సాయంత్రం దిగితే ఆ రాత్రి మాలేలోనే గడపాలి. ఆ విమానం టికెట్ మనిషికి వందల డాలర్లు, దాన్ని మామూలుగా పాయింట్లతో తీసుకోలేం. గ్రీన్ ట్యాక్స్ నలుగురికి ఐదు రాత్రులకు 240 డాలర్లు. దీవిలో ఇంకో హోటల్ ఉండదు కాబట్టి మూడు పూటలూ అక్కడే తినాలి. 100 డాలర్ల భోజనానికి 10 శాతం సర్వీస్ చార్జి, దాని మీద 17 శాతం పన్ను కలిపితే 128 డాలర్లు దాటుతుంది. మామగారు రెండో రోజే మెనూ పక్కన పెట్టి పెరుగన్నం దొరుకుతుందా అని అడుగుతారు. దొరుకుతుంది, దానికీ అదే పన్ను.

గది మీద రాని డబ్బును యజమాని ఇక్కడే రాబట్టుకుంటాడు. పాయింట్ల అతిథులు పెరిగే కొద్దీ విమానం, భోజనం, పిల్లల క్లబ్బు రేట్లు పెరగడానికి అదొక కారణం. ఆ రేట్లు నిండు ధరకు గది తీసుకున్నవాళ్లకూ వర్తిస్తాయి. వాళ్లు రెండుసార్లు కడుతున్నారు.

హోదాల సంగతి కూడా ఇంతే. ఒకప్పుడు ప్లాటినం, డైమండ్ కావాలంటే ఏడాదిలో యాభై అరవై రాత్రులు హోటళ్లలో పడుకోవాలి. ఇప్పుడు ఒక ఖరీదైన కార్డు తీసుకుంటే చాలు, హోదా తపాలాలో ఇంటికి వస్తుంది. హోదా ఉంటే చాలా చోట్ల గదిలో ఇద్దరికి ఉదయం ఫలహారం ఉచితం. అందరూ హోదా ఉన్నవాళ్లే అయితే ఆ ఫలహారం ఎవరి ఖాతాలో పడుతుంది? గది ధరలో. అమెరికా హోటళ్లలో 2021లో హిల్టన్ ఉచిత ఫలహారం తీసేసి రోజుకింత అని క్రెడిట్ ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ లెక్క వాళ్లకు అంతకుముందే అర్థమై ఉంటుంది.

ఇంతకూ ఇన్ని పాయింట్లు ఎక్కడినుంచి వచ్చాయి? 2020 ఏప్రిల్‌లో హోటళ్లు మూతపడి ఉన్నప్పుడు హిల్టన్ వంద కోట్ల డాలర్ల పాయింట్లను కార్డుల సంస్థ అమెరికన్ ఎక్స్‌ప్రెస్‌కు ముందుగానే అమ్ముకుంది. తర్వాతి నెలలో మారియట్ తన కార్డు బ్యాంకులైన జేపీమోర్గన్, అమెరికన్ ఎక్స్‌ప్రెస్‌ల నుంచి 92 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. ఒక్క గది కూడా నిండకుండానే ఆ డబ్బు వచ్చింది. ఆ కష్టకాలంలో మీ ఉద్యోగులకు జీతాలందడానికి అది ఉపయోగపడి ఉంటే నాకూ సంతోషమే. కానీ అచ్చువేసిన పాయింట్లు బ్యాంకుల నుంచి మా చేతికి వచ్చాయి. మారియట్‌కూ హిల్టన్‌కూ చెరో 20 కోట్లకు పైగా సభ్యులు. దీవులు మాత్రం అవే, విల్లాలు అవే. నోట్లు ఎక్కువగా అచ్చువేస్తే బియ్యం ధర ఏమవుతుందో పదో తరగతి సాంఘిక శాస్త్రంలోనే చెబుతారు. మీరు పట్టిక ఎత్తేసింది ఆ అచ్చు వల్ల వచ్చిన ఒత్తిడి బయటికి కనిపించకుండా ఉండటానికేనని నా అనుమానం. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అని మా పెద్దలన్నది మీ పాయింట్లను చూసి కాదు గానీ, సరిగ్గా సరిపోయింది.

ఇప్పుడు ఇండియాలోనూ ఇదే మొదలైంది. 2023 ఆగస్టులో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకుతో కలిసి మారియట్ కార్డు తెచ్చింది. ఏడాదికి 3,000 రూపాయలు, పైన పన్ను. దానికి బదులుగా 15,000 పాయింట్ల లోపు ఒక ఉచిత రాత్రి. పట్టిక లేని చోట 15,000 అన్న హద్దుకు అర్థమేమిటి? ఈ నెల 14,000 ఉన్న హోటల్ వచ్చే నెల 17,000 కావచ్చు. ఆ కార్డు తీసుకున్న మా తమ్ముడికి నేను చెప్పగలిగింది ఒక్కటే, దొరికిన రోజే వాడేయమని.

ఇక్కడ మన దేశపు హోటళ్ల పద్ధతి ఒకసారి చూడండి. తాజ్ హోటళ్ల పాత పథకం ఇన్నర్‌సర్కిల్ 2022లో టాటాల ఉమ్మడి పథకం న్యూపాస్‌లో కలిసింది. అక్కడి పాయింటు పేరు న్యూకాయిన్, ఒక్కోటి ఒక రూపాయి. ఐటీసీ గ్రీన్ పాయింటు కూడా ఒక రూపాయే. మన దేశపుది కాకపోయినా ఫ్రాన్స్‌కు చెందిన అకోర్‌దీ ఇదే పద్ధతి, 2,000 పాయింట్లకు 40 యూరోలు తగ్గిస్తుంది. విశాఖ బీచ్ రోడ్డులోని నోవోటెల్‌లో అయినా, పారిస్‌లో అయినా అంతే. వీటితో మాల్దీవుల కలలు కనలేం, నిజమే. గది ధర పెరిగితే పాయింట్లూ ఎక్కువే ఇవ్వాలి. అయినా చేతిలో ఉన్నదెంతో తెలుసు. ఆ విలువ తగ్గించాలంటే ఆ సంస్థ బహిరంగంగా చెప్పాలి.

అయ్యా, అమ్మా, నేను అడిగేది ఇదే. పాయింట్లలో గది ధరనైనా స్థిరంగా ఉంచండి, లేదా డాలర్లలో పాయింటు విలువనైనా స్థిరంగా ఉంచండి. మొదటిది మీ పాత పద్ధతి. రెండోది అకోర్ పద్ధతి. మారియట్, హిల్టన్ రెండింటినీ వదిలేసి, రెండు అంకెలనూ తమ చేతిలోనే పెట్టుకున్నాయి. నాకైతే మొదటిదే కావాలి. దానివల్ల డబ్బు చెల్లించేవాడికి కూడా గది ధరను పోల్చుకోవడానికి ఒక కొలత దొరుకుతుంది. అది కుదరదంటారా, రెండోదైనా ఇవ్వండి. కనీసం ఒక్కో రిసార్టుకు ఏడాదిలో దాటని పై హద్దు ఒకటి ప్రకటించండి. దాంతోపాటు మొత్తం ఎన్ని విల్లాలున్నాయో, వాటిలో స్టాండర్డ్ కింద ఎన్ని పెట్టారో రాయండి. పాయింట్ల పేజీలోనే విమానం టికెట్, పన్నులు, తప్పనిసరి భోజనాలు కలిపి చేతినుంచి పడే డబ్బు చూపించండి. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన 2025 మే 12 నుంచి అమల్లోకి వచ్చింది కాబట్టి, తప్పనిసరి రుసుములతో కలిపిన ధర ముందే చూపడం మీకు కొత్తేమీ కాదు. ఇండియాలో కూడా 2023 నవంబరు నాటి వినియోగదారుల రక్షణ మార్గదర్శకాలు, ధరను విడతలు విడతలుగా బయటపెట్టడాన్ని మోసపు పద్ధతుల జాబితాలో చేర్చాయి. విమాన సంస్థల మైళ్ల పథకాల మీద అమెరికా రవాణా శాఖ 2024 సెప్టెంబరులో వివరాలడిగింది. మీ వంతు వచ్చేదాకా ఎందుకు ఆగడం?

హయత్ వారికి ఒక మాట. తరగతులు మార్చేముందు మీరు జాబితా ప్రకటిస్తారు, గడువులోగా తీసుకున్నవాళ్లకు పాత ధరే ఇస్తారు. దాన్ని వదలకండి. పక్కవాళ్లిద్దరూ వదిలేశారు కదా అన్న ఆలోచన మీ బోర్డు గదిలోకి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది.

మీ పథకాల నిబంధనల్లో ఒక వాక్యం ఉంటుంది. పాయింట్ల విలువను, గదులకు కావాల్సిన పాయింట్లను ఎప్పుడైనా, ముందస్తు నోటీసు ఉన్నా లేకున్నా మార్చవచ్చని. ముందు ఆ వాక్యం కొట్టేసి అక్కడ తొంభై రోజుల గడువు రాయండి. పట్టిక సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ సభ్యురాలు,
ఫ్రిస్కో, టెక్సస్